భక్తపూర్ దత్తాత్రేయ చౌక్: వరంగల్ వైపు నుంచి వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది హనుమకొండ దగ్గర పల్లె. మా తాత వడ్లాయన. నాగళ్లు, బండి చక్రాలు, దర్వాజలు చేసేవాడు. మా అమ్మను పశుపతినాథుడి దర్శనానికి తీసుకెళ్లినప్పుడు మొదటిసారి భక్తపూర్ చూశాను. ఆ తర్వాత రెండుసార్లు ఒక్క ఆ చౌక్ కోసమే వెళ్లొచ్చాను. మా వైపు నుంచి కాశీ, అయోధ్య, నేపాల్ కలిపి యాత్రలకు పోయేవాళ్లు ఎక్కువైనకొద్దీ నన్ను అడిగేవాళ్లూ ఎక్కువయ్యారు. అందరికీ చెప్పే జవాబులు ఒకచోట రాసిపెడితే మంచిదనిపించింది.

దత్తాత్రేయ చౌక్ అంటే ఏమిటి? ఎక్కడుంది?

కాఠ్మండూకు తూర్పున 13 కిలోమీటర్ల దూరంలో భక్తపూర్ అనే పాత పట్టణం ఉంది. భాద్‌గావ్ అనీ అంటారు. ఆ లోయలో తరతరాలుగా ఉంటున్న నేవార్లు తమ భాషలో ఖ్వప అంటారు. మల్ల రాజుల రాజధాని అది. యాత్రికులు మామూలుగా చూసేది దర్బార్ చౌక్, ఐదంతస్తుల న్యాతపోల గుడి. అక్కడి నుంచి ఇటుకలు పరిచిన సందుల వెంట తూర్పుకు పది పదిహేను నిమిషాలు నడిస్తే ఒక్కసారిగా వీధి విశాలమవుతుంది. అదే దత్తాత్రేయ చౌక్. స్థానికంగా తచుపాల్ అంటారు. ఊళ్లో పాత భాగం ఇదే. తూర్పు కొసన పడమటికి తిరిగి దత్తాత్రేయుడి గుడి, ఎదురుగా పడమటి కొసన భీమసేనుడి గుడి, చుట్టూ మఠాలు. ఎటు తల తిప్పినా చెక్కిన కర్రే కనబడుతుంది.

కాఠ్మండూలోనే అన్నీ ఉన్నాయి కదా, ఇక్కడికి ప్రత్యేకంగా ఎందుకు?

కాఠ్మండూ అనే పేరే కాష్ఠమండపం నుంచి వచ్చిందంటారు. కాష్ఠమంటే కర్ర అని మనకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ లోయలో కర్రపని ఎటుచూసినా ఉంది. కానీ దత్తాత్రేయ చౌక్‌లో గుడి, మఠం, ఇల్లు, అంగడి అన్నీ ఒకే పనితనంతో కలిసి నిలబడ్డాయి. మ్యూజియంలో అద్దం వెనక ఒక కిటికీని చూడటం వేరు. అదే కిటికీ గోడలో ఉండి, దాని కింద ఓ ముసలామె మిరపకాయలు ఎండబెడుతుంటే చూడటం వేరు.

మొదటిసారి మేము ఎక్కిన యాత్రా వ్యాన్‌లో భక్తపూర్‌కు ఇచ్చింది అరగంట. న్యాతపోల ముందు ఫొటో దిగి వెనక్కి రావడానికే అది సరిపోయింది. ఈ చౌక్‌కు ఇంకా దారి ఉందని నాకు తెలిసేసరికి డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. ఆ బాధతోనే రెండోసారి వెళ్లాను. మీరు ప్యాకేజీలో వెళ్తుంటే ముందే మాట్లాడుకోండి, భక్తపూర్‌కు కనీసం ఒక పూట కావాలని. కుదిరితే ఒక రాత్రి అక్కడే ఉండండి. టూరిస్టు బస్సులు వెళ్లిపోయాక, పొద్దున అంగళ్లు తెరవకముందు ఆ చౌక్ ఊరివాళ్లదిగా ఉంటుంది.

దత్తాత్రేయ గుడి ఎంత పాతది?

15వ శతాబ్దం నాటిది, యక్ష మల్లుడి కాలం. మొత్తం లోయను ఏలిన చివరి మల్ల రాజు ఆయనే. 1482లో ఆయన పోయాక రాజ్యం కొడుకుల మధ్య మూడు ముక్కలైంది. మన లెక్కలో చెప్పాలంటే 1323లో ఓరుగల్లు పడిపోయి, కోటలోని స్వయంభూ శివాలయం నేలమట్టమై, నాలుగు కీర్తి తోరణాలు మాత్రం మిగిలిన వందేళ్లకు అక్కడ ఈ గుడి లేచింది. కోట నడుమ ఆ తోరణాల మధ్య నిలబడ్డవాళ్లకు ఒక ఖాళీ తెలుస్తుంది. నలువైపులా ద్వారాలున్నాయి, నడుమ ఉండాల్సిన గుడి లేదు. దత్తాత్రేయ చౌక్‌లో నిలబడితే చుట్టూ అన్నీ ఉన్న గుడి ముంగిలి ఎలా ఉంటుందో నాకు అర్థమైంది.

ఇది మొదట గుడి కాదు, సాధువులు, బాటసారులు తలదాచుకునే మండపం. అందుకే మిగతా నేపాలీ గుళ్లలా చతురస్రంగా సన్నగా లేచినట్టు కాకుండా ఇల్లులా వెడల్పుగా, మూడంతస్తులుగా ఉంటుంది. ముందుకు పొడుచుకొచ్చిన భాగం తర్వాత చేర్చింది.

ఒకే చెట్టు కర్రతో కట్టారంటారు, నిజమేనా?

ఊరివాళ్లు అలాగే చెప్తారు, వందల ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. కాఠ్మండూలోని కాష్ఠమండపం గురించీ ఇదే కథ. నేను దీన్ని కొలతలు వేసి చూడాల్సిన మాటగా కాక, ఆ చెట్టు మీద వాళ్లకున్న గౌరవంగా వింటాను. మా తాత కూడా పెద్ద దూలానికి చెట్టు కొట్టించే ముందు కొబ్బరికాయ కొట్టి, మొదలు దగ్గర పసుపు కుంకుమ పెట్టేవాడు.

అక్కడ వాడింది ఎక్కువగా సాల వృక్షం కర్ర. మనవైపు గుగ్గిలం చెట్టు అనేది అదే. బరువైన, గట్టి కర్ర, చెదలకు తొందరగా లొంగదు. నిర్మల్ బొమ్మలకు వాడే పొణికితో పోల్చి చూడండి. పొణికి చేతిలో దూదిలా తేలిక, చాకుతో కోసినా తెగుతుంది. అందుకే అది బొమ్మకు తగింది. సాల కర్ర ఉలికి ఎదురు తిరుగుతుంది. చెక్కడం కష్టం, కానీ ఒకసారి చెక్కితే వందల ఏళ్లు నిలుస్తుంది.

గుడి ముందున్న ఆ ఇద్దరు మల్లయోధుల విగ్రహాలు ఎవరివి?

జయమల్ల, ఫత్తు అని చెప్తారు. మామూలు మనిషికి పది రెట్లు బలమున్న జెట్టీలట. 1702లో భూపతీంద్ర మల్లుడు కట్టించిన న్యాతపోల మెట్ల అడుగునా వీళ్లే కావలి. వీళ్లకు ఎదురుగా స్తంభం మీద గరుత్మంతుడు, పక్కన శంఖ చక్రాలు. దత్తుడిలో బ్రహ్మ విష్ణు మహేశ్వరులు ముగ్గురూ ఉన్నా ఇక్కడ ముంగిట విష్ణువు గుర్తులే కనిపిస్తాయి. శివరాత్రికి మాత్రం సాధువులతో నిండిపోతుంది. బౌద్ధులైన నేవార్లూ వచ్చి దండం పెట్టుకుంటారు. నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు మరాఠీ గాలి తగిలిన ఊళ్లలో దత్త మందిరాలు చూసి పెరిగినవాళ్లకు ఈ గుడి పరాయిగా అనిపించదు. గురువారం నాడు పారాయణ చేసే మా పిన్ని అక్కడ మెట్ల మీద కూర్చుని లేవనంది.

నెమలి కిటికీ ఎక్కడుంది? అందరూ దాని గురించే అంటారు.

గుడికి దగ్గర్లోనే పూజారి మఠం ఉంది. దాని ముందు నిలబడి వెతికితే దొరకదు. పక్క సందులోకి తిరిగి తల ఎత్తాలి. పురివిప్పిన నెమలి కిటికీ నడుమ ఉంటుంది. ఈకలే కిటికీ ఊచలు. తోక నుంచి బండి చక్రం ఆకుల్లా చుట్టూ విచ్చుకుంటాయి, వాటి చుట్టూ అంచు వెంట చిన్న చిన్న పక్షుల వరస. గాలీ వెలుతురూ ఆ ఈకల సందుల్లోంచే లోపలికి పోతాయి. అంటే అది గోడకు తగిలించిన అలంకారం కాదు, పనిచేసే కిటికీ. ఇంత పని చేసినవాడు దాన్ని రాజవీధిలో కాకుండా ఇరుకు సందులో పెట్టాడన్నది నన్ను ప్రతిసారీ ఆపేస్తుంది.

సందు ఇరుకు కాబట్టి దూరం జరిగి ఫొటో తీయడం కుదరదు. ఫొటో మానేసి కాసేపు చూడండి. ఎదురుగా ఉన్న అంగళ్లలో చిన్న నెమలి కిటికీలు అమ్ముతారు. కొన్నిచోట్ల అక్కడే కూర్చుని చెక్కుతుంటారు, ఆగి చూడొచ్చు.

పూజారి మఠం లోపలికి వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. లోపల కర్రచెక్కడాల జాతీయ మ్యూజియం పెట్టారు. కానీ నా మటుకు లోపలి వస్తువుల కన్నా మఠం ముంగిలే పెద్ద మ్యూజియం. నాలుగువైపులా కంభాలు, కిటికీలు, వాటి మీద వేలెడు జాగా కూడా ఖాళీ లేకుండా పని. ఈ మఠం ఒకప్పుడు దత్తాత్రేయ గుడి మహంతుల నివాసం. 1970లో అప్పటి యువరాజు బీరేంద్ర పెళ్లికి పశ్చిమ జర్మనీ ఇచ్చిన కానుక ఏమిటంటే, శిథిలమైపోతున్న ఈ మఠాన్ని బాగుచేయించడం. ఆ పనితోనే ఊరంతటి పాత కట్టడాల మరమ్మత్తుకు దారి పడింది. పాతపని తెలిసిన శిల్పకారులకు మళ్లీ చేతినిండా పని దొరికింది, వాళ్ల పిల్లలు ఉలి పట్టారు. నగలో, కార్లో ఇచ్చి ఉంటే ఇవాళ ఎవరికి గుర్తుండేది?

ఎదురుగా ఉన్న చికంప మఠంలో ఇత్తడి, కంచు సామాన్ల మ్యూజియం ఉంది. మా పెంబర్తి ఇత్తడి పని తెలిసినవాళ్లు అదీ చూడండి. వేళలు, సెలవు రోజు టికెట్ దగ్గరే కనుక్కోండి. మెట్లు నిటారుగా, తలుపులు పొట్టిగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను పైకి ఎక్కించకండి, కింద ముంగిట్లో కూర్చోబెట్టండి.

చెక్కడాలు అందంగా ఉన్నాయి, సరే. ఏం చూడాలో తెలియనివాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

చూరు కింద. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న, కొంచెం పొడుగ్గా చెప్తాను.

గుడి పైకప్పు గోడ దాటి చాలా ముందుకు వస్తుంది. గోడలు ఇటుకలవి, ఇటుకల మధ్య మట్టి. వాన నేరుగా పడితే ఆ మట్టి నిలవదు, అందుకే చూరు అంత బయటికి. మరి అంత బరువైన చూరును ఎవరు మోస్తారు? గోడలోంచి ఏటవాలుగా పైకి లేచే కర్రలు మోస్తాయి. వాటిని టుండాల్ అంటారు. ఆ ఊతకర్రల మీదే దేవతలను చెక్కారు. ఒక్కో కర్ర ఒక్కో దేవత, కింద ఒక చెట్టో కొమ్మో, దాని కింద చిన్న మనుషులు. మూలల్లో మాత్రం దేవతలు ఉండరు, రెక్కలున్న సింహాల్లాంటి జంతువులుంటాయి. అక్కడ రెండు వైపుల బరువు ఒక్క కర్ర మీదికి వస్తుంది.

ఇప్పుడు రామప్పను గుర్తుచేసుకోండి. 1213 నాటి గుడి. నల్లరాతి మదనికలు స్తంభం మీద అడుగు మోపి చూరు వైపు ఇలాగే ఏటవాలుగా ఒరిగి ఉంటాయి కదా. నాగిని, నాట్యకత్తె, చెప్పు వేసుకున్న అమ్మాయి. కర్రకట్టడంలో చూరును మోసే ఊతకర్ర ఎక్కడ ఉండాలో, సరిగ్గా అక్కడే రామప్పలో మదనిక నిలబడింది. ఒకటి మంచు కొండల కింది ఊరు, ఒకటి పాలంపేట. పోలిక మాత్రం నా కంటికి అన్నదమ్ముల పోలికే. భక్తపూర్ నుంచి వచ్చిన వారానికి పాలంపేట వెళ్లి మళ్లీ చూశాను. అంతకుముందు పదిసార్లు చూసిన మదనికలే, ఈసారి అవి చెక్క నుంచి రాతిలోకి నడిచొచ్చినట్టు కనిపించాయి.

చూరు తర్వాత కిటికీలకు రండి. జాలీ కిటికీని టికీఝ్యా అంటారు. చిన్న చిన్న కర్రముక్కలకు గాట్లు పెట్టి ఒకదానిలో ఒకటి ఇమిడించి అల్లుతారు. మొల లేదు, జిగురు లేదు. లోపలున్నవాళ్లకు వీధి కనిపిస్తుంది, వీధిలోవాళ్లకు లోపల కనిపించదు. కిటికీ చట్రం పై పట్టె, కింది పట్టె రెండూ రెండువైపులా బారెడు పొడుగు ఎందుకు సాగాయో గమనించండి. ఆ సాగిన చేతులే కిటికీని ఇటుక గోడలో పట్టి ఉంచుతాయి. గోడ మందంలో లోపల ఇంకో చట్రం ఉంటుంది, రెండింటినీ కర్రలతో కలుపుతారు.

ఆఖరికి తలుపు పైన తోరణం. అర్ధచంద్రాకారపు పలక. పైన పాములను పట్టుకున్న గరుడుడో, ఛేపు అనే సింహముఖమో ఉంటుంది. ఈ ముఖాన్ని మన శిల్పులు కీర్తిముఖం అంటారు.

గుడి గోడల కింద శృంగార శిల్పాలున్నాయట. పిల్లలతో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. ఉన్నాయి, కానీ చిన్నవి, వెతికితేనే కనిపిస్తాయి. మన పాత గుళ్ల మీదా ఉన్నాయి.

ఇనుప మేకులు లేకుండా కట్టినవి భూకంపానికి ఎలా తట్టుకున్నాయి?

2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపంలో భక్తపూర్ చాలా పోగొట్టుకుంది. దర్బార్ చౌక్‌లో వత్సలా దుర్గ గుడి కుప్పకూలింది. అది రాతి గుడి. వీధులకు వీధులు ఇళ్లు పడ్డాయి, మనుషులు పోయారు. దత్తాత్రేయ గుడి నిలబడింది, న్యాతపోల నిలబడింది. 1934 నాటి పెద్ద భూకంపాన్నీ అవి చూశాయి.

కర్రకు కర్రను మొలతో బిగిస్తే ఊపు వచ్చినప్పుడు మొల దగ్గరే చీలుతుంది. ఒక కర్రలో తొలిచిన గుంతలో ఇంకోదాని కొసను దించి, చెక్క మేకు బిగిస్తే ఆ కీలు కొంచెం కదులుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. ఎద్దులబండి గుంతల దారిలో కిర్రుకిర్రుమంటూ పోయినా విరగనిది ఇందుకే. అలాగని కర్ర ఉంటే చాలదు. మట్టి అతుకు తడిసి బలహీనపడినచోట, కర్ర కొసలు పుచ్చినచోట గోడలు పడిపోయాయి. ఏటా ఎవరో ఒకరు పైకెక్కి పెంకులు సర్దిన కట్టడాలే బతికాయి. రామప్పలో మనవాళ్లు పునాదిలో ఇసుక నింపడం, గోపురానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడటం వేరే దారి. ఆలోచన మాత్రం ఒకటే, భూమి కదులుతుందని ముందే ఒప్పుకుని కట్టడం.

వరంగల్ నుంచి ఎలా వెళ్లాలి? ఏం కాగితాలు కావాలి?

రైలులో పోయేవాళ్లకు రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ వరంగల్ మీదుగా గోరఖ్‌పూర్ పోతుంది. అక్కడి నుంచి సునౌలీ సరిహద్దు, అది దాటాక కాఠ్మండూకు బస్సు. కొండదారి, పూర్తి రోజు పడుతుంది. విమానమైతే హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా వెళ్లేవాళ్లే ఎక్కువ. కాఠ్మండూ నుంచి భక్తపూర్‌కు లోకల్ బస్సులు, ట్యాక్సీలు ఉంటాయి.

మనకు వీసా అక్కర్లేదు. కానీ ఆధార్ ఒక్కటే నమ్ముకుని బయలుదేరకండి. 15 ఏళ్లలోపు పిల్లలు, 65 దాటిన పెద్దలు తప్ప మిగతావాళ్లు విమానం ఎక్కాలంటే పాస్‌పోర్టు గానీ ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. మన 100 రూపాయలు అక్కడి 160. పెద్ద నోట్ల మీద నిబంధనలు మారుతుంటాయి కాబట్టి వంద నోట్లు ఉంచుకోవడం నయం.

భక్తపూర్‌లో అడుగుపెట్టడానికి టికెట్ ఉంటుంది. సార్క్ దేశాలవాళ్లకు మిగతా విదేశీయుల కన్నా బాగా తక్కువ. కౌంటర్ దగ్గర ఇండియా గుర్తింపు కార్డు చూపించండి. ఆ డబ్బుతోనే మున్సిపాలిటీ గుళ్లను, వీధులను కాపాడుకుంటోంది, బేరమాడకుండా ఇవ్వండి.

ఏ నెలలు మంచివి?

దసరా తర్వాత కార్తీకం దాకా. ఆకాశం తేటగా ఉంటుంది. లేదంటే మార్చి, ఏప్రిల్. ఏప్రిల్ నడుమ వాళ్ల కొత్త సంవత్సరానికి బిస్కెట్ జాత్ర జరుగుతుంది. భైరవుడి పెద్ద కర్రరథాన్ని ఊరి రెండు భాగాలవాళ్లు చెరోవైపు లాగుతారు. జనం విపరీతం, చిన్నపిల్లలతో రథం దగ్గరికి పోవద్దు. వానాకాలంలో ఇటుక వీధులు జారుతాయి.

తినడానికి?

పప్పన్నం అంతటా దొరుకుతుంది, శాకాహారులకు ఇబ్బంది లేదు. జుజు ధౌ మాత్రం వదలకండి. మట్టి ముంతలో తోడుపెట్టిన గేదెపాల తీపి పెరుగు. పేరుకు అర్థం పెరుగుల్లో రాజు అని. మట్టి నీటిని పీల్చుకుంటుంది కాబట్టి గడ్డలా కోసుకుని తినేలా ఉంటుంది.

చెక్కిన వస్తువులు కొనొచ్చా?

కొత్తవి కొనండి, చెక్కినవాళ్ల దగ్గరే కొనండి. వెనక్కి తిప్పి చూడండి. వెనక వైపు ఉలి గుర్తులు ఎగుడుదిగుడుగా ఉంటే చేతిపని. ముందు గీతలన్నీ ఒకే లోతులో, గుండ్రటి అడుగుతో ఉంటే మిషన్ పని కావొచ్చు. బరువు కూడా చెప్తుంది. చిన్న నెమలి కిటికీని చేత్తో పూర్తిచేయడానికి రోజులు పడుతుంది, ఆ రోజుల కూలి లెక్కేసుకుని ధర అడగండి.

పాతది, గుడిదో ఇంటిదో అని ఎవరైనా రహస్యంగా చూపిస్తే ముట్టకండి. నూరేళ్లు దాటిన వస్తువును నేపాల్ బయటికి తీసుకురావడం నేరం. కొత్తదే అయినా పాతదానిలా కనిపిస్తే పురావస్తు శాఖ చీటీ అడుగుతారు. ఆ లోయలో ఎన్నో గుళ్ల దేవతలు దొంగల చేతుల్లో పడి విదేశాల్లో తేలారు. ఖాళీ పీఠాలకే దండం పెడుతున్న ఆడవాళ్లను చూశాక ఇంక ఆ అంగడి వైపు చూడబుద్ధి కాదు.

అక్కడి చెక్కుడువాళ్లతో మాట్లాడొచ్చా? భాష?

హిందీ చాలామందికి వస్తుంది. శిల్పకార్ అనేది అక్కడ ఇంటిపేరు. పని చేసుకుంటున్నప్పుడు పక్కన కూర్చుంటే వద్దనరు. నేను మా తాత వడ్రంగి అని చెప్పగానే ఒక పెద్దాయన తన ఉలుల సంచి విప్పి చూపించాడు. వంకర ఉలులు, గోరంత ఉలులు, అన్నీ కలిపి ముప్పైకి పైనే. కొయ్య సుత్తి పిడి మీద ఆయన అరచేయి పడేచోట గుంత పడి ఉంది. మా ఇంట్లో తాత బాడిస పిడికీ అలాంటి గుంతే ఉంది.

ఇంత దూరం పోలేనివాళ్లు మన దగ్గర కర్రపని ఎక్కడ చూడొచ్చు?

పొణికి కర్ర బొమ్మవుతుంటే చూడాలంటే నిర్మల్ పోండి. ముక్కలు కోసి, చింతగింజల జిగురుతో అతికించి, రంగు వేయడం వరకు అంతా చూడొచ్చు. తలుపులు, కంభాలు చూడాలంటే పాత గడీలు. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను బాగుచేసి నిలబెట్టారు, మిగతా ఊళ్లలో చాలావాటి దూలాలు వానకు నానుతున్నాయి. జాతర ఊళ్లలో రథాల కింది పలకల మీద వంగి చూడండి, ఏనుగులు, గుర్రాలు, హంసలు ఉంటాయి. రంగు మీద రంగు పూసి కప్పేసినా చేత్తో తడిమితే తెలుస్తాయి.

ఇంకోటి కూడా చెప్తాను. మీ ఊళ్లో పాత పెంకుటిల్లు కూలగొడుతున్నారని వింటే ఆ రోజే వెళ్లండి. దర్వాజను సామాన్ల బండివాడికి తూకానికి వేయకముందే గడప కొలత, పై పట్టె మీది పూలు, చిలకలు ఫొటో తీసుకోండి, చేసిన వడ్లాయన పేరు ఇంట్లో ముసలివాళ్లను అడిగి రాసుకోండి. మా తాత చేసిన దర్వాజల్లో నాకు దొరికినవి నాలుగు. ఐదోది పర్కాల దగ్గర ఒక ఊళ్లో ఉందని మొన్ననే తెలిసింది, వచ్చే ఆదివారం వెళ్తున్నాను.